హిందూపురం అత్తకు జ్వరం

1983 మార్చి. ధర్మవరంలో దొంగతనం జరిగింది. పోయింది ఒక రేటు.

కంప్లయింట్ ఇచ్చింది పట్టునూలు వ్యాపారి చెన్నకేశవులు. హిందూపురం మార్కెట్లో నూలు ధర ఎక్కిందో దిగిందో అక్కడున్న బావమరిది రోజూ పొద్దున ట్రంక్ కాల్‌లో చెబుతాడు. అంతా కోడ్. అత్తకు జ్వరమంటే ధర ఎక్కింది. అత్త లేచి తిరుగుతోందంటే దిగింది. ఇంత పకడ్బందీగా ఉన్నా పక్క అంగడి చెన్నప్పకు అంతా తెలిసిపోతోంది. సరుకు ముందే కొనేస్తున్నాడు.

అనుమానం పెనుకొండలో ఆ కాల్ కలిపే ఆపరేటర్ ఖైరున్‌బీ మీద పడింది. సస్పెండ్ చేశారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే.

ఎస్సై గోవిందప్ప పెనుకొండ వెళ్లాడు.

"కాల్స్ విన్నావా?"

"లైను కలిసిందా లేదా చూడాల కదా సార్. చెవి పెట్టకుంటే ఎట్ల?"

"ఏం విన్నావు?"

"వాళ్ల అత్తకు జ్వరం. తగ్గుతాది, మళ్లా వస్తాది. పాపం, మొన్న బాబయ్య దర్గాలో ఆయమ్మ పేరున చక్కెర చదివించినా."

గోవిందప్ప పెన్ను ఆగింది. నూలు రేటు ఆరోగ్యం కోసం మొక్కుకున్న మనిషిని ఆయన సర్వీసులో చూడలేదు.

మర్నాడు ఎస్సై ఖైరున్‌బీని, ఇద్దరు వ్యాపారులనూ చెన్నకేశవులు అంగట్లో కూర్చోబెట్టాడు.

"రేటు బయటపడని రోజు ఒక్కటన్నా ఉండాదా అప్పా?"

చెన్నకేశవులు ఆలోచించాడు. "పోయిన బుధవారం సార్. ఆ పొద్దు చెన్నప్పకు తెలియలే."

"డ్యూటీలో ఎవరు?"

"నేనే సార్," అంది ఖైరున్‌బీ.

"కోడ్ మార్చినారా?"

"లేదు సార్," అన్నాడు చెన్నకేశవులు. "అదే అత్త, అదే జ్వరం."

"మరి నీకేమైంది ఆ పొద్దు?"

"నాకేమైతాది?" అన్నాడు చెన్నకేశవులు. "కదిరి తేరుకు పోయొచ్చినా. గోవిందా గోవిందా అని అరిచి గొంతు పోయింది."

ఎస్సై చెన్నప్ప వైపు తిరిగాడు. "నీకు రేటు యాడ తెలుస్తాందప్పా?"

"నా అంగట్లో కూసోనుంటే చాలు సార్. 'అత్తకు జ్వరమా? అంటే నూలు ఎక్కినట్టే కదప్పా?' అని ఈయన అడుగుతాడు. బస్టాండు దాకా వినపడతాది."

"ఏడేండ్లు కాసుకుంటే వచ్చిన ఫోను సార్," అన్నాడు చెన్నకేశవులు. "మెల్లగ మాట్లాడితే ఉన్నట్టు ఎవురికి తెలుస్తాది?"

"తీగలో పోయినంతసేపు నీ మాటకు బీగం ఉండాది. విన్న మనిషి మొక్కుకునింది," అన్నాడు గోవిందప్ప. "ఈ కొసకు వచ్చినాక ఆ బీగం నువ్వే తీసి వీధిలో పెడితివి. కంప్లయింట్ వాపసు తీసుకో."

"తీసుకుంటా సార్. నేను అరిచినానని మాత్రం రాయొద్దు, ఊరు నవ్వుతాది. సాక్ష్యం చాలలేదని రాయండి."

"అట్ల రాస్తే ఈయమ్మ మీద మచ్చ పోదు కదయ్యా."

"రాయండి సార్," అంది ఖైరున్‌బీ. "ఆయన సంతకం పెట్టకుంటే ఎంక్వయిరీ ఏడాదైనా తెగదు. అన్నాళ్లు ఏం తినాల మేము?"

గోవిందప్ప రాశాడు. చెన్నకేశవులు పూర్తి పేరుతో సంతకం చేశాడు.

తరువాతి వారం ఎస్సై ఆ వీధిలో పోతుంటే అంగట్లో ఫోను మోగింది.

"హలో, యా ఆపరేటరు?" చెన్నకేశవులు గొంతు పూర్తిగా కోలుకుంది. "ఖైరున్‌బీనా?"

తరువాతి మాట వీధి వీధంతా విన్నది.

"నువ్వొద్దులేమ్మా. వేరేవాళ్లను ఉండమను. రహస్యం మాట్లాడాల."