మేలుకొలుపు గింజలు

వేట రుతువు మొదలయ్యే ఉదయం ఆత్మకూరు స్టేషన్లో జనం రెండుగా చీలి నిలబడేవారు. పట్టాలకు జానెడు ఎత్తున తేలుతూ పోయే మాగ్లెవ్ రైలును అక్కడివాళ్లు తేలుబండి అంటారు. దాని ముందు పెట్టెల దగ్గర ఖాకీ కోట్లవాళ్లు తుపాకీ సంచులు భుజాన వేసుకొని ఉండేవారు. వెనక పెట్టెల దగ్గర ఆకుపచ్చ కండువాలవాళ్లు నినాదాలు రాసిన అట్టలు పట్టుకొని ఉండేవారు. టీ ఇచ్చే యంత్రం మాత్రం స్టేషన్ మొత్తానికి ఒక్కటే. కప్పు కోసం చెయ్యి చాపే దగ్గర రెండు పక్షాలూ ఎదురుపడేవి, మాటా మాటా పెరిగేది, తేలుబండి కూత వేస్తే గానీ విడిపోయేవారు కాదు.

అది 2084. నల్లమల మళ్లీ దట్టంగా పెరిగిన కాలం. ఊళ్లు చాలావరకు పట్నాల్లో కలిసిపోయాయి. పంటలు అద్దాల మేడల్లోకి ఎక్కాయి. మనుషులు వదిలేసిన నేలనంతా అడవి తీసుకుంది. దుప్పులు, అడవిపందులు లెక్కకు మించి పెరిగాయి. వాటిని కొంత తగ్గించాలంటూ చలికాలంలో లైసెన్సు ఉన్నవాళ్లు వేటాడవచ్చని ప్రభుత్వం చట్టం చేసింది. మంగళ, శుక్రవారాలు మాత్రం నిషేధం. ఆ రెండు రోజుల్నీ జనం అడవి సెలవు అనేవారు.

ఆ చట్టం వచ్చినప్పటినుంచీ గొడవే. తిండి లేక, రోగాలతో మంద మొత్తం చచ్చే కంటే కొన్ని తుపాకీకి పోవడం మేలని ఒకరు. చంపడంలో సరదా వెతుక్కునేవాళ్లు మంద గురించి మాట్లాడకూడదని ఇంకొకరు. ఇళ్లల్లో, పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో ఇదే మాట. ఈ గొడవ వల్ల కుదిరిన సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు కూడా ఉన్నాయి.

వేట వద్దనేవాళ్లకు నాయకురాలు తాళ్ళూరి మందాకిని. జంతువుల అరుపుల మీద ముప్పై ఏళ్లు పరిశోధన చేసిన శాస్త్రవేత్త. సన్నగా, పొట్టిగా ఉండేది. సభల్లో ఆమె గొంతు మూడో వరుస దాటేది కాదు. అయినా ఆమె మాట్లాడుతుంటే ఆ మూడు వరుసల వెనకవాళ్లు కూడా మాటలు ఆపి చెవులు రిక్కించేవారు.

ఆమెకు తట్టిన సంగతి చాలా చిన్నది. పులి కదిలితే చెట్టు మీది కొండముచ్చు గుర్రుమంటుంది. కింద దుప్పి కాలు నేలకేసి కొట్టి కూత వేస్తుంది. క్షణంలో లోయంతా మేలుకుంటుంది. అందుకే పులి చాలాసార్లు ఖాళీ కడుపుతోనే పోతుంది. మనిషి వస్తే మాత్రం కొండముచ్చు తికమకపడుతుంది. తేనెకు వచ్చేదీ మనిషే, నడకకు వచ్చేదీ మనిషే, తూటా పేల్చేదీ మనిషే.

"పులి మనసు అడవికి తెలుసు. మనిషి మనసు తెలియదు. అది తెలిసేలా చేస్తే చాలు, తుపాకీ లాక్కోనక్కర్లేదు" అని ఆమె తన బృందానికి చెప్పింది.

అలా పుట్టాయి మేలుకొలుపు గింజలు. ఒక్కోటి చింతగింజంత సెన్సర్. చెట్టు బెరడుకు అంటిస్తే అక్కడే కలిసిపోతుంది. లోపల ఉన్న బుల్లి రాడార్ దగ్గరికి వచ్చిన మనిషి గుండె చప్పుడు వింటుంది. ఇంకో పొర చెమట వాసనలో మార్పు పసిగడుతుంది. మరొకటి అడుగు బరువు మడమ నుంచి వేళ్ల మీదికి ఎప్పుడు మారిందో కనిపెడుతుంది. ఒక మనిషి ఒక ప్రాణిని ఎంచుకొని, దాన్ని ఎలాగైనా అందుకోవాలని దగ్గరవుతున్నప్పుడు ఈ మార్పులన్నీ ఒక్కసారిగా, ఒక వరుసలో వస్తాయి. ఆ వరుసకు మందాకిని వేటతలపు అని పేరు పెట్టింది. ఫొటోలు తీసేవాళ్లలో అది కాస్త పైకి లేచేది గానీ కూత పుట్టించే గీత దాటేది కాదు. గీత దాటితే గింజ కొండముచ్చులా గుర్రుమంటుంది. చుట్టుపక్కల గింజలు అందుకుంటాయి. వచ్చిన మనిషి ఎవరన్నది మాత్రం అవి చూడవు. మనిషి పేరు, ముఖం గింజకు తెలియకూడదని ఆమె మొదటి రోజే నియమం పెట్టుకుంది.

గింజలన్నిటినీ కలిపి నడిపే కంప్యూటరు పేరు కాపు. చెవిలో పెట్టుకొనే చిన్న బిళ్ల ద్వారా దానితో మాట్లాడవచ్చు.

అయితే వేటతలపు ఎలా ఉంటుందో కాపు నేర్చుకోవాలంటే నిజమైన వేటగాళ్లు కావాలి. తమ కొంపకు తామే నిప్పు పెట్టుకోవడానికి ఎవరొస్తారు? నెలరోజులు ఎదురుచూశాక ఒకే ఒక్క మనిషి ప్రయోగశాల గుమ్మంలో నిలబడ్డాడు. వేటగాళ్ల సంఘం అధ్యక్షుడు ఓబుళరెడ్డి. మందాకినితో టీవీల్లో పదేళ్లుగా వాదిస్తున్న మనిషి.

"ఏందమ్మా డాక్టరమ్మా, అట్ల సూస్తాండావు? నాకు తీగలు తగిలించు మరి" అన్నాడు.

"మీరెందుకు వచ్చారు రెడ్డిగారూ? ఇది పని చేస్తే మీకే కదా నష్టం?"

"దుప్పికి తెలీకుండా చంపేదాంట్లో మొగతనమేముంది? దానికి తెలిసినాక కూడా దొరికితే, అది వేట. నాకు అదే కావాల. నువ్వు మావోళ్లందరినీ దొంగలనుకుంటావు, అదే నీతో వచ్చిన చిక్కు."

ఆయన ఒంటి నుంచే కాపు మొదటి పాఠాలు నేర్చుకుంది. ఆయన్ని చూసి మరికొందరు వచ్చారు.

ప్రభుత్వం ఒక్క లోయలో, ఒక్క రుతువు పరీక్షకు ఒప్పుకుంది. ఫలితం బాగుంటే అన్ని అడవుల్లోనూ గింజలు తప్పనిసరి చేసే చట్టం తెస్తామంది. గుండ్లవాగు లోయలో గింజలు అంటించారు. మొదటి వారంలోనే ఖాకీ కోట్లవాళ్లు ముఖాలు వేలాడేసుకొని తిరిగి వచ్చారు. గురి చూసేలోపే పైన గుర్రుమనేది, దుప్పులు మాయమయ్యేవి. రోగంతో ఈడ్చుకుంటూ నడిచేవి, ముసలివి మాత్రమే దొరికేవి. పులికి కూడా దొరికేవి అవే. మంద బలపడుతోందని అటవీ నిపుణులు మెచ్చుకున్నారు. ఓబుళరెడ్డి ఆ రుతువులో ఒకే ఒక ముసలి పందిని కొట్టి, జీవితంలో ఇంత కష్టపడి వేటాడలేదని పత్రికలవాళ్లతో గర్వంగా చెప్పుకున్నాడు.

మిగతావాళ్లు అంత ఉదారంగా లేరు. "ఇట్లయితే సెలవు రోజుల్లో పోవాల్సిందే" అని స్టేషన్లో ఎవరో అన్నారు. నవ్వుతూ అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. ఆ మాట ఆకుపచ్చ కండువాలకు చేరింది. వెంటనే మందాకిని సహాయ శాస్త్రవేత్త సుగాత్రి కావలి దళం ఏర్పాటు చేసింది. మంగళ, శుక్రవారాల్లో కండువాలవాళ్లు లోయంతా గాలించాలి. దొంగతనంగా వేటాడేవాడు దొరికితే పట్టుకోవాలి.

ఆ శుక్రవారమే, అడవి సెలవు నాడు, లోయలో గింజలు మోగాయి.

దళం పరుగెత్తింది. ఎవరూ దొరకలేదు. మంగళవారం మళ్లీ మోగాయి. దళంలో మనుషుల్ని పెంచారు. మోతలూ పెరిగాయి. మేత మేసే పూట కూడా దుప్పులు బెదిరి పరుగులు తీయసాగాయి. ఒక మంగళవారం మంద, చీకటి వాగు అనే లోతైన వాగు అంచున, బెదిరింది. ఒక చూడి దుప్పి కాలు జారి రాళ్ల మీద పడింది. మందాకిని వెళ్లేసరికి దాని కళ్లు తెరిచే ఉన్నాయి, ప్రాణం లేదు. ఆమె దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

లేచాక ఆమె ముఖం వేరుగా ఉంది.

"వాణ్ణి నేనే పట్టుకుంటాను" అంది.

ఓబుళరెడ్డి మేనల్లుడు చెన్నకేశవ సెలవు రోజుల్లో అడవివైపు పోవడం చూశామని ఇద్దరు చెప్పారు. ఆమె దాచకుండా ఆ సంగతి ఓబుళరెడ్డికే ఫోన్ చేసి చెప్పింది.

"నేనూ వస్తా. మావోడే అయితే నా చేత్తోనే పట్టిస్తా" అన్నాడాయన.

తర్వాతి శుక్రవారం తెల్లవారాక ఇద్దరూ లోయలోకి దిగారు. ఆయన చేతిలో తుపాకీ లేదు. తడి మట్టిలో చెప్పుల గుర్తులు కనబడ్డాయి. మందాకిని వాటిని పట్టుకొని నడిచింది. కొంత దూరం పోయాక వెదురు పొదల సందులోంచి ఒక వీపు కనిపించింది. ఎవరో బండ మీద కూర్చుని ఉన్నారు.

ఆమె చెయ్యెత్తి ఓబుళరెడ్డిని ఆగమంది. గాలి ఎటు వీస్తోందో చూసుకుంది. చెప్పులు విడిచింది. వంగి, ఎండాకు లేని చోటు చూసి కాలు పెడుతూ, ఒక్కో చెట్టు చాటుకు జరిగింది. చుట్టూ ఏముందో ఆమెకు తెలియలేదు. ఆ వీపు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. ఇంకో నాలుగు అడుగులు. ఇంకో మూడు.

ఆమె తల మీదే గింజ కొండముచ్చులా గుర్రుమంది. పక్క చెట్టు అందుకుంది, ఆ పక్కది అందుకుంది. పొదల అవతల మేస్తున్న దుప్పులు కూతలు వేస్తూ కొండ ఎక్కేశాయి.

బండ మీది మనిషి ఉలిక్కిపడి లేచాడు. చెన్నకేశవే. చేతిలో తుపాకీ లేదు, కత్తి లేదు. పక్కన నీళ్ల సీసా, సగం తిన్న జామకాయ.

"ఏం చేస్తున్నావిక్కడ?" అని అడిగింది ఆమె.

"ఊరికే కూచున్న్యా మేడం. ఇంట్లో ఒకటే గోల. ఈడ నిమ్మళంగా ఉంటాది. కూచోడం కూడా తప్పేనా?" అని, వెనకున్న ఓబుళరెడ్డిని చూసి, "నువ్వూ వచ్చినావా మామా?" అన్నాడు అయోమయంగా.

మందాకిని చెవిలో బిళ్ల నొక్కింది. "కాపూ, ఇప్పుడు వేటతలపు ఎవరిలో కనిపించింది? బండ మీది మనిషిలోనేనా?"

"బండ దగ్గరి మనిషి గుండె మొదటినుంచీ ప్రశాంతంగా ఉంది. కూతకు మాత్రం బెదిరింది" అంది కాపు. "వేటతలపు వెదురు పొదకు దక్షిణాన కనిపించింది. మద్దిచెట్టు పక్కన."

ఆమె తల తిప్పి చూసింది. తన భుజం ఆనుకొని ఉన్నది మద్దిచెట్టే.

"ముందు వారాల సంగతి? చీకటి వాగు దగ్గర?"

"అన్నిసార్లూ కావలి దళం ముందుగా రాసి ఇచ్చిన దారిలోనే కనిపించింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు."

గింజలు మోగాయి కాబట్టి దళం పరుగెత్తిందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. దళం వెతుకుతూ వచ్చింది కాబట్టే గింజలు మోగాయి. ఆ దుప్పిని వాగులోకి తరిమింది తనవాళ్లే.

ఆమె అలాగే చెట్టుకు చేరగిలబడింది. ఓబుళరెడ్డి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎగతాళి చేయడానికి ఆయనకు అంతకు మించిన సమయం దొరకదు. ఆయన చేయలేదు.

"ఒక్క మాట అడుగుతా, డాక్టరమ్మా. మావోనికి దగ్గరవుతున్నప్పుడు నీకెట్లుండింది?"

అబద్ధం చెప్పడం ఆమెకు చాతకాదు.

"బాగుంది" అంది.

ఆయన తల ఊపాడు. ఆమె విడిచిన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాడు.

ప్రయోగశాలలో సుగాత్రి అంతా విని తేలిగ్గా తీసేసింది. "చిన్న సవరణ మేడమ్. దళంవాళ్లకు ఒక్కో గుర్తింపు బిళ్ల ఇద్దాం. బిళ్ల ఉన్నవాళ్ల విషయంలో గింజ ఊరుకుంటుంది. ఎల్లుండే శాసనసభ ఉపసంఘం విచారణ. ఈ సంగతి అక్కడ ఎత్తితే పదేళ్ల శ్రమ బూడిదలో కలుస్తుంది. దయచేసి ఎత్తకండి."

"అక్కడ నేను వేటాడింది మనిషిని, సుగాత్రీ. ఆ కూత అతనికి వినబడకూడదంటావా?"



విచారణ రోజు హాలు కిక్కిరిసింది. ఒక పక్క ఖాకీలు, ఒక పక్క ఆకుపచ్చలు. మందాకిని లేచి, గింజలు ఎలా పని చేశాయో చెప్పింది. తర్వాత సెలవు రోజుల సంగతి చెప్పింది, చూడి దుప్పి సంగతి చెప్పింది, మద్దిచెట్టు దగ్గర ఏం జరిగిందో చెప్పింది. ఆకుపచ్చ కండువాల్లో కొందరు లేచి బయటికి పోయారు. ఖాకీ కోట్లలో ఎవరో గట్టిగా నవ్వారు. ఓబుళరెడ్డి వెనక్కి తిరిగి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఉపసంఘం అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే యంత్రంలో తప్పుందంటారా?"

"లేదండీ. అది నేర్చుకున్నది సరిగ్గానే నేర్చుకుంది."

"మరి అన్ని అడవుల్లోనూ పెట్టాలన్న మీ కోరిక వెనక్కి తీసుకుంటున్నారా?"

"తీసుకోను. ఇప్పుడు ఇంకా గట్టిగా అడుగుతున్నాను" అంది మందాకిని. గొంతు ఎప్పటిలాగే మూడో వరుస దాటలేదు. హాలంతా ముందుకు వంగింది. "ఇన్నాళ్లూ వేటతలపు వాళ్లకే ఉన్న జబ్బనుకొని అడిగాను. ఆ ఉదయం ఒక మనిషి వీపు చూస్తూ పొంచి నడుస్తున్నప్పుడు నా కంటే సంతోషంగా ఆ అడవిలో ఎవరూ లేరు. మంచిపని చేస్తున్నానన్న ధైర్యం కూడా ఉంది కాబట్టి వేటగాడి కంటే నేనే ప్రమాదం. నాలాంటివాళ్లు వస్తున్నప్పుడు అడవికి తెలియాలి. ఎవరికీ మినహాయింపు వద్దు. దళానికీ, అధికారులకూ, నాకూ."

అధ్యక్షుడు ఓబుళరెడ్డి వైపు తిరిగాడు. "మీ సంఘం అభ్యంతరాలు నలభై పేజీలు ఇచ్చింది. వాటి మీద మాట్లాడతారా?"

ఓబుళరెడ్డి లేచాడు. ముందున్న కాగితాల కట్టను చూశాడు, మందాకినిని చూశాడు.

"అందులో యాడా ఈమె మాదిరి తన తప్పు తాను చెప్పుకున్న మాట లేదు సామీ. అవి తీసేయండి" అని కూర్చున్నాడు.