మడ అడవిలో దాత ఫ్లెక్సీ

బాపట్లలో ఒక టిఫిన్ హోటల్ వెనక గది. చీఫ్ బసవేశ్వరరావు లాప్‌టాప్ తిప్పాడు.

"ఏజెంట్ నాగశివా! వాతావరణాన్ని లెక్కగట్టే ఈ కంప్యూటర్ మోడల్‌లో మన తీరమంతా ఒకే గడి. సముద్రం, రొయ్యల చెరువులు, మడ అడవి, అన్నీ కలిపి ఒకే రంగు. చెట్లు నరికినా మోడల్‌కి తెలియదు. విక్టర్ ముఠా బతికేదే ఆ లోపం మీద. పాత అడవి కొట్టేసి, అక్కడే మొక్కలు నాటి, విమానాలెక్కే వాళ్లకి, వాళ్ల పొగకి పరిహారమంటూ, కార్బన్ క్రెడిట్లుగా అమ్ముతోంది. ఇవాళ రేపల్లె దిగువన మళ్లీ పొక్లెయిన్ దిగుతోంది."

"కాంటాక్ట్?"

"రుక్సానా. విక్టర్ సెక్రటరీ, మన మనిషే. కోడ్ తెనాలి జిలేబీ."

మధ్యాహ్నానికి నాగశివ పెట్టుడు మీసంతో, రొయ్యల మేత డీలర్ వేషంలో, రేపల్లె దిగువ ఊళ్లో బెస్త అంకాలమ్మ ఇంట్లో చేపల పులుసు తింటున్నాడు.

"మొహమాటపడమాకు తమ్ముడూ. ఆ మడచెట్లే లేకపోతే మొన్న తుఫానుకి ఈ ఇల్లే ఉండేది కాదు," అందామె.

ఏటిగట్టున నల్లకళ్లద్దాలతో రుక్సానా ఎదురైంది. "జిలేబీ తెచ్చారాండి?"

"తెనాలిలోనే అయిపోయిందండి."

"మీ మారువేషం పని కూడా అయిపోయింది. అటు చూడండి."

కొట్టేసిన మేర బురదలో ప్రతి మొక్కకీ ఒక చిన్న ఫ్లెక్సీ. మొదటిదాని మీద నవ్వుతూ ఫోటో. కింద, 'దాత: నాగశివ, తెనాలి'.

నాగశివకి తల కొట్టేసినట్లయింది. విమానాల్లో తిరిగిన పాపానికి పరిహారంగా ఆన్‌లైన్‌లో మొక్కలు కొన్నమాట నిజమే. గుళ్లో ఫ్యాన్ రెక్క మీద కూడా దాత పేరు రాయించుకునే వంశం. మొక్కలమ్మిన కంపెనీ అడగ్గానే అసలు పేరూ, ఫోటో ఇచ్చేశాడు. గూఢచారికి అంతకన్నా సిగ్గుచేటు ఉండదనుకున్నాడు. ఆ మొక్క పక్కనే నరికిన చెట్టు మొద్దు కనిపించింది.

"మనకోసం వస్తున్న పోలీసు ఫోర్స్ ఇంకా పెనుమూడి వంతెన దగ్గరే ఉంది. మీరు వెళ్లిపోండి," అంది రుక్సానా.

కాస్త దూరంలో విక్టర్ ఆ మొక్కల్ని విదేశీ కస్టమర్లకి ఫోన్‌లో లైవ్ చూపిస్తున్నాడు. ఫ్రేములో మొక్కలే. ఫ్రేము బయట పొక్లెయిన్ చెయ్యి లేచింది. గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది, అంకాలమ్మతో సహా. పారిపోతే పరువు దక్కుతుంది, అడవి దక్కదు. నాగశివ మీసం పీకేసి ఫోన్ ముందుకి దూకాడు.

"ఈ ఫ్లెక్సీలో ఉన్నది నేనే! నా పేరు పెట్టడానికి ఊరిని కాచే అడవిని కొట్టేశారు. డబ్బిచ్చింది నేను!" ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో అరిచాడు.

రుక్సానా ఫోన్ లాక్కుని పొక్లెయిన్ వైపు తిప్పింది. రెండో చేతిలోని పిస్టల్ విక్టర్ నడుముకి ఆనించింది. కస్టమర్లు ఒక్కొక్కరే లైన్ కట్ చేసుకున్నారు. కొమ్మకి తగిలిన బకెట్ అక్కడే ఆగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాగశివ తల ఎత్తలేకపోయాడు. "అక్కా..."

అంకాలమ్మ అతని ఫ్లెక్సీ పీకి చేతిలో పెట్టింది.

"విమానం ఎక్కితే ఎక్కు తమ్ముడూ. ఆ పాపం కడుక్కోటానికి మాత్రం మా ఏటికి రామాకు."