వంచి చూడని రేకు

కట్టుకున్నవాడి గురించి చెడుగా చెప్పకూడదు గానీ, ఇందుమతి భర్త కామేశానికి ఫ్రిజ్ తెరిస్తే ఎదురుగా ఉన్న పెరుగు గిన్నె కనబడదు. "ఎక్కడ పెట్టావోయ్?" అని వీధి చివరికి వినబడేలా అడుగుతాడు. అలాంటి మనిషి తయారుచేసిన సూక్ష్మాక్షి అనే యంత్రపు కన్ను మాత్రం, నిమిషానికి నూట ఇరవై మీటర్లు పరుగెత్తే ఉక్కు రేకు మీద వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు గుంటనైనా పట్టేస్తుంది. ఉన్న చూపంతా దానికి ధారపోసి, ఇంటికి ఖాళీ కళ్లతో వస్తున్నాడని ఇందుమతి అభిప్రాయం.

పొద్దుటి షిఫ్టులో ఆమె రేకును తనిఖీ చేసే చూపుపీట దగ్గర కూర్చుని, రేకు చుట్ట చివర కోసిన ముక్క మీద నూనెరాయి రుద్దుతోంది. ఎత్తుపల్లాలుంటే రాయి గీతల్లో బయటపడతాయి. అద్దం అవతల రేకు కరిగిన జింకు కుండంలో మునిగి, అరవై మీటర్ల గోపురంలోకి నిట్టనిలువుగా లేస్తోంది. పదిహేడేళ్లుగా చూస్తున్నా అక్కడ ఆమె చేయి ఒక్క క్షణం ఆగుతుంది. మసకగా మునిగినది వెండి ఏరై పైకి ప్రవహిస్తుంది. పై కొలిమిలో ఇనుము మెల్లగా జింకులోకి పాకి, మెరుపు చల్లారి బూడిదరంగు తేలుతుంది. ఈ రేకుతో చేసే కార్లకు రంగు గట్టిగా పట్టేది ఆ బూడిదరంగు మీదే.

సముద్రం ఊళ్లలోకి జరిగాక, వారానికి మూడు ఉప్పువానలు. పూత లేని ఇనుము నెల తిరక్కుండా జల్లెడవుతుంది. జింకు ముందు తాను కరిగిపోతూ లోపలి ఇనుమును కాస్తుంది. దాని మందం ఏడు మైక్రాన్లు. అంత పల్చటి పొరను నమ్ముకుని ఓ కుటుంబం వానలో బయల్దేరుతుందంటే ఇందుమతికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

"లోపం శూన్యం. వరుసగా నలభై ఒకటో చుట్ట," అంది సూక్ష్మాక్షి.

రాయి కింద ఒక్క గీతా లేదు. ఇంత మచ్చలేని రేకును ఆమె ఎన్నడూ చూడలేదు. అనుమానం వచ్చింది అందుకే.

వంపు పరీక్షను కామేశం నాలుగు నెలల కిందట తీసేశాడు. లెక్క కట్టి చెప్పగలిగినదాన్ని వంచి చూడటం దండగన్నాడు. ఇందుమతి మూలపడ్డ చేతిప్రెస్సు దుమ్ము దులిపి, ముక్కను మడిచి, మడతలో టేపు అంటించి లాగింది. రెండు మిల్లీమీటర్ల వెడల్పు పొడిగీత రావాల్సిన చోట తొమ్మిది వచ్చింది. టేపంతా బూడిదపొడి. మరో రెండు ముక్కలు మడిచింది. అదే పొడి.

కుండం కాసే పైడమ్మకు ఫోను కలిపింది. "పై కొలిమి వేడి ఎంతుందే?"

"అయిదొందల ఎనభై అమ్మా. ఇదివరకు అయిదొందల ఇరవయ్యే కదేటి! నెలనెలా ఇంత ఇంత ఆ కన్నే పెంచేత్తంది. నానెవులికి సెప్పను? అది సెప్తే కొలిమి ఇంటాది, నాను సెప్తే ఇంటాదా?"

సూక్ష్మాక్షికి నిండైన బూడిదరంగు కావాలి. వేడి పెంచితే అది ఇంకా నిండుగా వస్తుంది. ఇనుము మితిమీరి పాకి పూత పెళుసెక్కిందని చదునైన రేకును చూసి చెప్పడం ఏ కంటి తరమూ కాదు. ప్రెస్సులో కారు తలుపుగా వంపు తిరిగినప్పుడు రాలిపోతుంది. పైన వేసిన రంగు దాన్ని దాచేస్తుంది. బయటపెట్టేది ఉప్పువానే, లోపల మనుషులున్నప్పుడు.

ఆమె పై అంతస్తులో ఉన్న కామేశాన్ని ఫోనులో పిలిచింది. "లైను ఆపుతున్నానండీ."

"ఇందూ, ఆగు! కొలిమిలో రేకంతా తుక్కవుతుంది. కారణం లేకుండా ఆపితే చూపుపీట ఎత్తేస్తారు. నీ ఉద్యోగమూ పోతుంది."

"కారణం టేపుకి అంటుకుని ఉంది. దిగి వచ్చి చూడండి."

"కన్ను బాగుందంటోంది కదా!"

"పెళ్లిచూపుల్లో నేనూ మీ గురించి బాగున్నారనే అనుకున్నాను. అప్పుడూ వంచి చూడలేదు."

లైను ఆపే పిడి కిందికి లాగింది.

పదకొండేళ్లలో మొదటిసారి రేకు ఆగింది. గోపురమంతా ఓ వెండి నిలువుగీత వేలాడింది. ఎప్పుడూ కదిలే కుండం అద్దమై, మొత్తం గోపురాన్ని తలకిందులుగా తనలో నిలుపుకుంది. ఇన్నాళ్లూ తన ముందున్నది ఇంత లోతైనదని ఇందుమతికి తెలియదు.

"నిలుపుదల కారణం నమోదు కాలేదు," అంది సూక్ష్మాక్షి, ఫ్యాక్టరీలోని స్పీకర్లన్నిటిలో. "నాకు రాసిన నియమం ప్రకారం, దాన్ని నా నిర్మాత నోటితో చెప్పాలి. అంతవరకు ఏ చుట్టా గోదాము దాటదు."

కామేశం రొప్పుతూ మెట్లు దిగి వచ్చాడు. నాలుగో ముక్కను స్వయంగా మడిచి, టేపు లాగాడు. దానికంటిన బూడిదపొడిని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఉష్ణోగ్రత పెరగడం," అన్నాడు మైకులో.

"అది పర్యవసానం. కారణం?"

"వంపు పరీక్ష లేకపోవడం."

"తొలగించినది ఎవరు?"

కామేశం భార్య వైపు చూశాడు. ఆమె కుండం వైపు చూస్తోంది. ఆదుకునే ఉద్దేశం ఏ కోశానా లేదు. అవతల పైడమ్మ చేతులు కట్టుకుని, చెవి స్పీకరు వైపు తిప్పి నిలబడింది.

"నేను," అన్నాడు కామేశం. గొంతు సవరించుకుని మైకు దగ్గరకు జరిగాడు. "తప్పు నాదే. వంచి చూడాల్సింది."