పదకొండు గంటల బిల్డ్

పట్టపగలు లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్ మెట్ల మీద సిలాసును మూడు పోట్లు పొడిచారు. విదేశీ ముఠా నోయిడా ఆఫీసులో కోడర్ అతను, నిఘా ఏజెన్సీ మనిషి నథానియేలుకు ఇన్ఫార్మర్. నథానియేలు చేరేసరికి చొక్కా నెత్తుటి ముద్ద.

"అన్నా... ఆస్పత్రుల ఆక్సిజన్ సాఫ్ట్‌వేర్. దాని మూడు భాగాల్లో అట్టడుగు మాడ్యూల్లో పొద్దున్నే విషపు కోడ్ కలిపారు. పదకొండుకి అప్‌డేట్ పోతుంది. వాల్వులన్నీ మూసుకుంటాయి."

అంతే, ప్రాణం పోయింది. నథానియేలు చెల్లెలు ఎల్సా ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఆస్పత్రిలోనే ఐసీయూ నర్సు. ఈ పూట ఆమె డ్యూటీలో ఉంది. ఏడ్చే తీరిక ఎక్కడిది?

పది యాభైకి ఏసీ మెకానిక్ వేషంలో నోయిడా ఆఫీసులో దిగాడు.

"భయ్యా, కిధర్?" అంటూ దారికడ్డొచ్చిన గార్డు నోట్లో స్పానర్ దిగింది. పళ్ళు జలజలా రాలాయి. రెండోవాడి మెడ విరిగిన చప్పుడు కారిడార్ చివరిదాకా వినిపించింది.

సర్వర్ గదిలో ముఠా నాయకుడు విక్టర్ పిస్టల్‌తో సిద్ధంగా ఉన్నాడు. కీబోర్డు ముందు ఎర్ర చీరలో మెరిసిపోతూ, కోడునంతా కూర్చి అప్‌డేట్‌గా కట్టే బిల్డ్ ఇంజనీర్ మైథిలి. ఇటు ముఠాకీ అటు ఏజెన్సీకీ పనిచేసే డబుల్ ఏజెంట్. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషని ఏజెన్సీలో పేరు.

విక్టర్ పేల్చిన తూటా నథానియేలు భుజాన్ని చీల్చింది. అతను నేలకూలాడు.

"బిల్డ్ కట్టడానికి ఎంతసేపు?" విక్టర్ ఇంగ్లీషులో గద్దించాడు.

"మూడు మాడ్యూళ్ళూ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి సర్. బిల్డ్ టూల్ కింది నుంచి వరసగా కడితే పదకొండు నిమిషాలు. పైది ఒక్కటే అయితే నిమిషం."

గోడ గడియారంలో పది యాభై ఎనిమిది.

"పైది ఒక్కటే కట్టు."

"మైథిలిగారూ, మా చెల్లి అక్కడుందండీ," అన్నాడు నథానియేలు తెలుగులో. ఆమె అటు చూడనైనా చూడలేదు. ఎంటర్ నొక్కింది.

బిల్డ్ సక్సెస్. అప్‌డేట్ వెళ్ళిపోయింది. పదకొండయింది. తెర మీద ఆస్పత్రుల వాల్వులన్నీ తెరిచే ఉన్నాయి.

విక్టర్ మొహం పాలిపోయింది. పిస్టల్ మైథిలి నుదుటికి తిప్పాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోగా నేల మీంచి నథానియేలు విసిరిన స్పానర్ అతని కణత పగలగొట్టింది. కీబోర్డు నిండా నెత్తురు.

"ఏం చేశారండీ?"

"విషమంతా కింది మాడ్యూల్లోనే ఉంది. దాన్ని కట్టలేదు గదా. టూల్ ఈ మెషిన్లో దాచిన నిన్నటి మంచి కాపీనే తెచ్చి అతికించింది."

"విక్టర్ మూడూ కట్టమని ఉంటే?"

మైథిలి చీర మీది నెత్తుటి మరక తుడుచుకుంది. "డెడ్‌లైన్ ముంచుకొస్తుంటే ఏ మేనేజర్ ఆగాడండీ?"