పున్నమ్మ గారి బావి నీళ్ళు తాగే దెయ్యం

విస్సన్నపేట రోడ్డులో క్వారీ దాటాక, పున్నమ్మ గారి మామిడితోటలో ఒక బావి ఉంది చూడండీ — చీకటి పడ్డాక అటు పోకండి. పగలు నడుంలోతు నీళ్ళు ఊరతాయి. రాత్రయితే... గడగడా, గడగడా... ఎవరో దాహంతో తాగేస్తున్నట్టు చప్పుడు. తెల్లారేసరికి అడుగున బురద!

అది దెయ్యమేనని మొదట చెప్పింది క్వారీ సూపర్‌వైజరు వెంకటకృష్ణారావు. తన కళ్ళతో చూశాట్ట! ఆ మనిషి కోతలకి అడ్డూ అదుపూ ఉండదని ఊరందరికీ తెలుసు. అయినా ఊరంతా నమ్మింది.

పాపం, పున్నమ్మ గారి ప్రాణమంతా చెట్ల మీదే. పిందె పట్టిన సమయం. తడి లేకపోతే కాపంతా నేలపాలు. ఆ ఇల్లు బతికేదే ఆ కాపు మీద.

ఆవిడ గోల పెట్టగా పెట్టగా, భూగర్భ జలాల ఆఫీసు నుంచి హరిచందన అనే మేడం వచ్చి బావీ చూసింది, క్వారీ గుంటా చూసింది. "బండ పేల్చినప్పుడు పగుళ్ళు పడి, మీ నీళ్ళు గుంటలోకి పోతున్నాయేమో అండీ. కానీ రుజువు కావాలి," అంది.

"మా గుంటలో నీళ్ళెక్కడివి మేడం? రోడ్డు మీద దుమ్ముకి చల్లేవి కూడా బయటినుంచే తెస్తున్నాం," అన్నాడు వెంకటకృష్ణారావు. ఆ పూట గుంట ఎండిపోయే ఉంది మరి. మేడం ఏం చేస్తుంది, వెళ్ళిపోయింది.

"రుజువులూ గిజువులూ మనకెందుకు అమ్మగారూ, బావికి దిష్టి తీద్దాం," అంది తోటలో పనిచేసే రమణమ్మ.

పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేశారు. బావంత బావికి చెంబుడేం చాలుతాయని గంగాళం నిండా కలిపారు! పొద్దుగూకాక చెరోపక్కా పట్టుకుని బావి చుట్టూ తిరగడం మొదలెట్టారు. ఒక చుట్టు... రెండో చుట్టు...

గడగడా... గడగడా...

"అమ్మగారూ... తాగుతోంది..."

"మాట్లాడకే... తిరుగు..."

రమణమ్మ చెయ్యి జారింది. గంగాళంలో నీళ్ళన్నీ బావిలో! దిష్టి నీళ్ళు ఎవరూ తొక్కని చోట పారబోస్తారు గానీ, దిష్టి తీసిన దాంట్లోనే పోస్తారా ఎక్కడైనా? గంగాళం అక్కడే వదిలేసి ఇద్దరూ తోటలోనే ఉన్న ఇంట్లోకి పరుగో పరుగు.

ఆ తర్వాత క్వారీలో జరిగింది ట్యాంకరు డ్రైవరు రమేష్ చెప్పాడు. గుంటలో మోటారు ఆడుతోంది, పైపు ట్యాంకరులోకి పోస్తోంది. వెంకటకృష్ణారావు ఆ పైపు ఇవతలికి లాగి కాళ్ళు కడుక్కున్నాడు. జేబురుమాలుతో తుడుచుకున్నాడు. సెల్‌ఫోను లైటు వేశాడు. పాదాలు... ఎర్రగా... రుమాలు... ఎర్రగా...

"ఒరే రమేషూ... రక్తంరా..."

చెప్పులు అక్కడే వదిలేసి, పడుతూ లేస్తూ, కనపడిన మొదటి దీపం వైపు పరిగెత్తాడు. అది పున్నమ్మ గారి ఇల్లు.

ఇక్కణ్ణించి రమణమ్మ చెప్పిన మాట. తలుపు దబదబా మోగింది. లోపల ఆడవాళ్ళిద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎ... ఎవరదీ?"

"నేనేనండీ, వెంకటకృష్ణారావుని... మీ బావిలో దెయ్యం నిజంగానే ఉందండీ! నేను ఉత్తినే పుట్టించానండీ... రాత్రిళ్ళు గుంటలోకొచ్చిన మీ నీళ్ళు తెల్లారేలోగా తోడేస్తున్నానని నా మీద పగబట్టింది... మా పైపులోంచి రక్తం..."

పున్నమ్మ గారు తలుపు తీసింది. ఆయన చాపిన రుమాలు అందుకుని వాసన చూసింది. పసుపూ, సున్నం.

అంతే, ఆవిడకి వణుకు పోయి ఒళ్ళు మండింది. మేడం గారికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. "ఇప్పుడన్నది మళ్ళీ అనండి బాబూ." భయంతో ఆయన పొల్లు పోకుండా అన్నాడు. ఆ తర్వాత రమేష్‌కి ఫోను చేయించి, మోటారు ఆపించింది.

ముగ్గురూ చెవులు రిక్కించారు.

బావి దగ్గర గడగడ ఆగిపోయింది. ఇంక పిందె నిలబడుతుందని పున్నమ్మ గారికి కళ్ళనీళ్ళొచ్చేశాయి.

"వెళ్ళిపోయిందా అమ్మగారూ... దెయ్యం?" తలుపు చాటునుంచి గుసగుసగా అడిగింది రమణమ్మ.

"ఎక్కడికి పోద్దే? మీసాలతో సహా మన గుమ్మంలోనే నిలబడింది. చెంబుడు మంచినీళ్ళు పట్రా, దాహం తీరిందో లేదో!"