గ్రీన్‌కార్డు, గడ్డం

గత ఏడాది జులై పన్నెండున రఘునందన్ అమెరికా నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లోని కొడుకు ఇంట్లో దిగాడు. ఆ పూట కోడలు పూజిత దోసకాయ పప్పు, గోరుచిక్కుడు వేపుడు చేసింది. విమానం తిండికి నోరు చచ్చిపోయి ఉండడంతో సిగ్గుపడకుండా మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు. అందుకే ఇప్పుడు లాయరు తారీఖు అడగ్గానే తడుముకోకుండా చెప్పగలిగాడు.

జూన్ నెల పొద్దుట. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద ఒక గడిలో లాయరు సాయిశ్రీనివాస్, ఇంకో గడిలో న్యూజెర్సీలో ఉన్న కూతురు పద్మప్రియ. అక్కడ రాత్రి కావడంతో ఆమె కళ్ళు నిద్రకు వాలుతున్నాయి. లాయరు యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగినవాడు. అమెరికాలో ఎన్నేళ్ళుంటున్నా మాట మారలేదు. రఘునందన్‌కు అది ఎందుకో ధైర్యంగా ఉండేది.

"అంటే వచ్చే నెల పన్నెండుకు ఏడాది నిండుతది సార్" అన్నాడు లాయరు. "గ్రీన్‌కార్డు అక్టోబర్‌ల అయిపోతది. రెన్యూవల్‌కు ఫికర్ లేదు. ఆన్‌లైన్‌ల నేను పెడ్త, మీరొచ్చి వేలిముద్రలియ్యాలె. కానీ ఏడాది దాటినంక వస్తే ఆ కార్డుతోని లోపలికి రానియ్యరు. ఇప్పుడొచ్చినా, ఇన్ని నెలలు ఎందుకున్నవని అడుగుతరు. జవాబు సాఫ్‌గుండాలె."

"నాన్నగారికి పళ్ళ ట్రీట్‌మెంట్ అండీ. ఇంప్లాంట్లు ఒక పట్టాన పూర్తవ్వట్లేదు" అంది పద్మప్రియ.

"అయితే డాక్టర్ కాగితాలు పంపుండ్రి."

రఘునందన్ కాఫీ గ్లాసు వంక చూశాడు. వంటింట్లో పూజిత తాలింపు గరిటె ఆపేసింది. స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన కొడుకు సిద్ధార్థ తువ్వాలు మెడలో వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కాగితాల్లేవమ్మా. పళ్ళ పని అక్టోబరులోనే అయిపోయింది" అన్నాడు రఘునందన్.

"మరి ఇన్నాళ్ళూ?"

"తమ్ముడి సినిమాలో వేషం వేస్తున్నాను. రిటైరైన పోస్టుమాస్టరు."

పద్మప్రియ నిద్ర ఎగిరిపోయింది. "ఆ గడ్డం?"

"కంటిన్యుటీ, అక్కా" అన్నాడు సిద్ధార్థ గుమ్మంలోంచి. "సగం సినిమా గడ్డంతో తీశాక మధ్యలో గీయిస్తే కుదరదు."

"కంటిన్యుటీనా? అమ్మ మీద బెంగతో పెంచుకున్నారనుకుని, ఫోన్ పెట్టేశాక ఎన్నిసార్లు ఏడ్చానో నీకేం తెలుసురా?"

లాయరు గొంతు సవరించుకున్నాడు. "పైసలేమన్న తీస్కున్నరా సార్?"

"లేదండీ. భోజనం పెట్టారు."

"మంచిదైంది. కొడుకు మొదటి సినిమాకు సాయం చేసిన అని ఉన్నదున్నట్టు చెప్దాం. పళ్ళ ముచ్చట మాత్రం తియ్యకుండ్రి."

రఘునందన్‌కు ప్రాణం కాస్త తేలికపడింది. తప్పు పట్టకుండా దారి చెప్పే మనిషి దొరకడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాడు. కాని పిల్లలిద్దరూ అక్కడితో ఆగలేదు.

"ఈ వారమే టికెట్ తీస్తాను" అంది పద్మప్రియ.

"ఎలా కుదురుతుంది? నాన్నవి ముఖ్యమైన సీన్లు మిగిలాయి. షూటింగుకు శ్రీనగర్ కాలనీ ఇల్లు ఆగస్టుదాకా దొరకదు."

"నీ సినిమా కోసం ఆయన కార్డు పోగొట్టుకోవాలా?"

"పోతే పోనీ. అక్కడ ఆయనకేం పనుంది? నీ కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికేగా. నాన్నకి ఇక్కడే ఉండాలని ఉంది. నీకు బాధ కలుగుతుందని పైకి చెప్పడు."

"నాకు జీతం లేని మనిషి కావాల్సి పిలిపించుకున్నాననా నీ ఉద్దేశం?"

"అక్కా తమ్ముడూ జర ఆగుండ్రి" అన్నాడు లాయరు. "నా క్లయింటు పెద్దాయన. సార్, వాళ్ళిద్దరిని పక్కన పెట్టుండ్రి. మీకు యాడ ఉండాలని ఉంది? అది తేలకపోతే ఇయ్యాల కార్డు తెచ్చినా రేపు మళ్ళ ఇదే పంచాయితీ."

ఈ ప్రశ్న తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదని రఘునందన్‌కు అప్పుడు తట్టింది. గ్లాసును నెమ్మదిగా పక్కకు జరిపాడు.

"అక్కడే ఉండాలని ఉందండీ" అన్నాడు.

సిద్ధార్థ తలెత్తాడు.

"మా ఆవిడ శారద పోయాక ఇక్కడ అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. లిఫ్టులో ఎదురైనవాళ్ళు కూడా. మంచితనంతోనే అనుకోండి. అక్కడ ఆ ఊసు ఎవరికీ తెలియదు. వారానికి రెండు రోజులు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతాను. ఒక కొరియా పెద్దాయన నా కోసం కిటికీ పక్కన కుర్చీ పట్టి ఉంచుతాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. చదరంగం ఆడుకుంటాం. ఓడిపోతే నా భుజం తట్టి వెళ్తాడు." ఆయన కాస్త ఆగాడు. "మనవరాలి కోసం అయితే కాదమ్మా పద్మా. అది కూడా ఉందనుకో."

పద్మప్రియ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లాయరు కావలసిన వివరాలు రాసుకుని, వచ్చే నెల మొదటి వారంలోగా వచ్చేయమని చెప్పి సెలవు తీసుకున్నాడు.

తెర నల్లబడ్డాక సిద్ధార్థ ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. "ముందే చెప్పి ఉంటే మీ వేషం ఇంకెవరికైనా ఇచ్చేవాణ్ణి."

"అడిగావుగా, కాదనలేకపోయాను. ఇప్పుడైనా మించిపోయిందేముంది? ఆ పోస్టుమాస్టర్ని చంపెయ్. గోడ మీద ఫోటో, దానికో దండ. ఆర్టిస్టు డేట్లు దొరకనప్పుడు మీ సినిమావాళ్ళు చేసేదేగా."

"మీ ఫోటోకి నేను దండ వెయ్యను."

"నాది కాదురా, పోస్టుమాస్టరుది."

"మొహం మీదేగా నాన్నా. ఆగస్టు వరకూ ఆగండి. కార్డు సంగతి ఆ లాయరు ఏదో ఒకటి చూస్తాడు."

పూజిత వంటింట్లోంచి వచ్చి లంచ్ బాక్సు భర్త ముందు పెట్టింది. "ఆ ఇల్లు మే నెలలోనే ఇస్తామన్నారు మావయ్యగారూ. ఈయనే వద్దన్నారు" అంది.

"పూజితా."

"ఎన్నాళ్ళు దాస్తారు? మావయ్యగారూ, మీ సీన్లు అయిపోతే మీరు వెళ్ళిపోతారని షూటింగు వెనక్కి నెడుతూ వచ్చారు. మీరు రాకముందు ఈయన పొద్దుటిపూట ఇంట్లో కాఫీ తాగడం నేనెప్పుడూ చూడలేదు."

సిద్ధార్థ లంచ్ బాక్సు మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "అమ్మ పోయిన రోజు నేను ఔట్‌డోర్ షూటింగ్‌లో ఉన్నాను" అన్నాడు చివరికి. "మీ దగ్గరైనా ఉందామనుకున్నాను. ఊరికే ఉండండి అంటే ఉండరని వేషం ఇచ్చాను."

రఘునందన్‌కు కోపం రాలేదు. తనను ఇంత కావాలనుకున్న మనిషి ఇదే ఇంట్లో ఉండి, ఆ మాట చెప్పలేక ఒక పోస్టుమాస్టర్ని పుట్టించాడు. కొడుకు తడి జుట్టు మీద చెయ్యి వేశాడు. "ఉండమని అడగాల్సిందిరా" అన్నాడు. "అడిగి ఉంటే, వెళ్ళాలని ఉందని నేనూ చెప్పేవాణ్ణి. ఇద్దరికీ ఇంత శ్రమ ఉండేది కాదు."

ఆ శుక్రవారం శ్రీనగర్ కాలనీ ఇంట్లో షూటింగ్ పెట్టారు. గోడకు మేకు కొట్టి ఫోటో తగిలించారు. బంతిపూల దండ పట్టుకుని సిద్ధార్థ స్టూలు ఎక్కి, మళ్ళీ దిగాడు. రఘునందన్ లేచి వెళ్ళి దండ తన చేతిలోకి తీసుకుని, తన ఫోటోకు తనే వేసి, వంకర లేకుండా సరిచేసి వచ్చాడు.

షాట్ అయిపోగానే కెమెరామన్ శ్రీకృష్ణ అడ్డంపడ్డాడు. "సార్ని నవ్వుతూ ఒక షాట్ తియ్యాలి. అది తియ్యకుండా పేకప్ చెప్తే నేను కెమెరా కదపను." చావు సీను చేసిన ఆర్టిస్టును ఆ వెంటనే నవ్వించి ఒక షాట్ తీయడం వాళ్ళలో ఆనవాయితీ. కీడు తొలగిపోతుందని నమ్మకం.

రఘునందన్‌ను కిటికీ పక్కన నిలబెట్టారు. ఎంత ప్రయత్నించినా నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోతోంది.

"మీ నాన్నకి నటన రాదు అని అమ్మ ఎప్పుడూ అనేది" అన్నాడు సిద్ధార్థ మానిటర్ వెనక నుంచి.

"మీ అమ్మ నీ డైరెక్షన్ చూడలేదు కదరా."

యూనిట్ అంతా గొల్లుమంది. రఘునందన్ కూడా నవ్వాడు, భుజాలు ఊగేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా. కావలసినంత నవ్వు కెమెరాలోకి వెళ్ళింది. అయినా సిద్ధార్థ కట్ చెప్పలేదు. శ్రీకృష్ణ తిరిగి చూసి, కెమెరా అలాగే నడవనిచ్చాడు.

జులై మొదటి వారంలో ప్రయాణం. ముందురోజు సాయంత్రం పూజిత కందిపొడి, గోంగూర పచ్చడి సర్దింది. పెట్టె తూచడానికి వచ్చిన సిద్ధార్థ తూచాక వెళ్ళకుండా తండ్రి మంచం మీద వాలాడు.

"సినిమా విడుదలకి వస్తారా?"

"వస్తాను. ఈసారి మాత్రం ఆరు నెలలు దాటనివ్వను."

"అక్కడ పొద్దున లేచి ఏం చేస్తారు నాన్నా?"

ఇన్నేళ్ళలో వాడు అడగని ప్రశ్న. రఘునందన్ మంచం అంచున కూర్చుని చెప్పసాగాడు: లైబ్రరీకి నడిచివెళ్ళే దారి, మంచు పడ్డ రోజున పక్కింటాయన తమ వాకిట్లో మంచు కూడా ఎత్తిపోసి వెళ్ళడం, కొరియా ఆయన ఓడిపోయేముందు ముక్కు గోక్కోవడం. మొదట్లో ఊఁ కొట్టిన సిద్ధార్థ కాసేపటికి ఊఁ కొట్టడం మానేశాడు. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి పెట్టె మీద పెట్టి నిద్రపోయాడు.

రఘునందన్ ఆ చెయ్యి తీయబోయి, ఉండనిచ్చాడు. దుప్పటి కప్పి, తన దిండు చంకన పెట్టుకుని, దీపం ఆర్పి హాల్లోకి వచ్చాడు. గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.