ఆ ఒక్క గారు

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషిని చూడగానే ఆపరేటరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆ మొహం ఆమెకు తెలుసు. పొద్దున్నే టీ తాగుతూ ఆ మొహం ఉన్న ఫొటోను తనే నలభై రెండు మందికి పంపింది. ‘దొంగ ఉత్తరం సృష్టించిన ఘనుడు వీడే, అందరికీ పంపండి’ అని ఎవరో కింద రాసింది చాలక, ‘చూడ్డానికి ఎంత అమాయకంగా ఉన్నాడో!’ అని తన వంతు ముక్క ఒకటి చేర్చి మరీ పంపింది.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవయ్యేళ్ళు పనిచేసింది. అది మూతపడ్డాక ప్రైవేటు డిటెక్టివు దగ్గర సహాయకురాలిగా చేరింది. చెవులు మహా చురుకు గాని, నోట్లో నువ్వుగింజ నానదు. ఇక ఆ డిటెక్టివు అంతకుముందు ముప్ఫయ్యేళ్ళు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. అందుకే అందరికీ ఆయన ప్రూఫు మాస్టారు. అచ్చుతప్పును పట్టుకోవడం, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం ఒకటే పని అని ఆయన వాదన. అదేమోగాని, ఆయన పట్టుకోని తప్పును ఆపరేటరమ్మ ఇంతవరకు చూడలేదు. ఆ సంగతి తలుచుకుని ఆమె మెల్లగా ఫోను సంచిలో పడేసింది.

“నేను మంత్రిగారి పీఏని సార్,” అన్నాడతను. “సాయంత్రం ఐదింటికి నన్ను పోలీసులకి అప్పగిస్తారట. ఆ ఉత్తరం నేను రాయలేదు. మా అమ్మ మీద ఒట్టు.”

“ముందు కూర్చో బాబూ. ఒట్లు తరవాత,” అన్నారు మాస్టారు. “ఉత్తరం సంగతి చెప్పు.”

చెప్పడానికేముంది? మూడు రోజులుగా ఊరంతా అదే గోల. రోడ్లు, వంతెనల శాఖ మంత్రి ఎల్లుండి ప్రభుత్వాధినేతగా ప్రమాణం చెయ్యాలి. సరిగ్గా ఇప్పుడే, పది నెలల కిందట ఆయన ఒక ఇంజినీరుకు రాయించాడంటూ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. మాస్టారు ఆ పత్రిక తీసి పైకి చదివారు.

“ఇంజినీరు గారూ, నువ్వొట్టి చవటవి. స్తంభం పగిలింది, వంతెన మూసెయ్యాలి అని ఇంకోసారి రాశావంటే నిన్నే ఆ స్తంభానికి కట్టేయిస్తా. వంతెన మూస్తే ఓట్లు నీ తాత వేస్తాడా? నోరు మూసుకుని పడుండు.”

ఉత్తరం వెళ్ళిన నలభై రోజులకు ఆ వంతెన కూలింది. పదకొండు మంది పోయారు. అయినా టీవీలో వాదించుకునే పెద్దలకు వంతెన పట్టలేదు, తిట్లు పట్టాయి. ఇంత కోపిష్టికి పగ్గాలిస్తే దేశం ఏం గాను అని ఒకాయన, కోపమే లేనివాడు ఏం ఏలుతాడని ఇంకొకాయన. మంగలి షాపుల్లో, బస్సుల్లో కూడా జనం రెండుగా చీలిపోయారు. మంత్రి మాత్రం అది తన ఉత్తరమే కాదన్నాడు. అదే తేదీతో, మూడు వందల పదహారు అన్న అదే నంబరుతో తను సంతకం పెట్టిన అసలు ఉత్తరం నకలు చూపించాడు. ‘ఇంజినీరు గారికి నమస్కారం. మీ నివేదిక అందింది. తగిన పరిశీలన జరుగుతోంది. దయచేసి కంగారు పడవద్దు.’ ఎంత మర్యాద!

“ఆ నంబర్ల రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది సార్. అందుకని నేనే దొంగనయ్యాను,” అన్నాడు పీఏ. “నా ఫొటో ఊరంతా తిప్పారు. మా అమ్మక్కూడా వెళ్ళింది. పొద్దుట్నుంచి ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు.”

ఆపరేటరమ్మ తల దించుకుని, పదును బాగానే ఉన్న పెన్సిలును మళ్ళీ చెక్కసాగింది.

“మంత్రిగారికి కోపం ఎక్కువా?” అడిగారు మాస్టారు.

“ఆఫీసులో అరుస్తారు సార్. కానీ ఉత్తరాల్లో ఒక్క పరుషమైన మాట ఉండదు. కోపంగా చెప్పిన రోజు ఉత్తరం వెళ్ళదు కూడా. మా ప్రింటరు సరిగ్గా ఆయనకి కోపం వచ్చిన రోజే మొరాయిస్తుంది. దానికీ భయమేమో.” ఆ కష్టంలోనూ అతనికి చిన్న నవ్వు వచ్చింది.

మాస్టారు నవ్వలేదు. “ఆపరేటరమ్మా, ఆ ఇంజినీరుకి ఫోను కలుపు,” అన్నారు.

వంతెన కూలాక ఇంజినీరును పనిలోంచి తీసేశారు. అతని గొంతులో కోపం లేదు, నీరసం ఉంది. “నాకొచ్చింది మర్యాద ఉత్తరమేనండీ. పరిశీలిస్తున్నామన్నారు కదా అని నమ్మి ఆగాను. ఆ తిట్లే నాకు చేరుంటే ఆ పూటే కోర్టుకెక్కి వంతెన మూయించేవాణ్ణి.” “నిద్ర పట్టదండీ,” అన్నాడు.

*

మంత్రి ఆఫీసు బయటి గదిలో పీఏతో వెళ్ళిన వాళ్ళకు ఎదురొచ్చింది మంత్రి బావమరిది. ప్రచారం పనులన్నీ అతనివే. వీళ్ళను రానిచ్చినందుకు కారణం కూడా దాచుకోలేదు.

“ప్రైవేటు డిటెక్టివు కూడా పీఏనే దొంగన్నాడంటే మాకింకా మంచిది. కానివ్వండి. మా బావ మనసు వెన్నండీ, వెన్న.”

“ఎవడ్రా ఆ కిటికీ తీసింది? చెవులు కోస్తా!” అని లోపలి గదిలోంచి వెన్న గర్జించింది. బావమరిది గొంతు సవరించుకుని, కిటికీల గాలి ఆయనకు పడదన్నాడు.

కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ప్రింటరు ఉన్నాయి. బల్ల వెనక స్టెనోగారు కూర్చుని ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మంత్రి చెప్పేవన్నీ షార్ట్‌హ్యాండులో రాసుకుని టైపు చెయ్యడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. పీఏకు ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. అతను ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు.

“నీళ్ళు తాగు నాన్నా,” అని ఆమె గ్లాసు అతని ముందు పెట్టింది గాని, అతని మొహంకేసి చూడలేదు. పాపం, జాలి కాబోలు అనుకుంది ఆపరేటరమ్మ. తను కూడా పొద్దుట్నుంచి అతని మొహం చూడలేకపోతోంది. ఆ లెక్కన అది జాలి కాదేమోనని మాత్రం ఆమెకు తట్టలేదు.

“ప్రింటరు బాగు చేసేవాళ్ళు తరచూ వస్తుంటారా?” అని అడుగుతూ మాస్టారు ప్రింటరుకు వేలాడుతున్న కార్డు తిప్పి చూశారు. వచ్చిన మెకానిక్కు తేదీ వేసి సంతకం పెట్టే కార్డు అది. చివరి సంతకం నాలుగేళ్ళ నాటిది.

“అప్పుడప్పుడూ...” అంది స్టెనోగారు.

మాస్టారు ఇంకేమీ అడగలేదు. బావమరిదికి, పీఏకు, స్టెనోగారికి తలా ఒక కాగితం ఇచ్చి, “నేను చెప్పింది చెప్పినట్టు రాయండి, అంతే,” అన్నారు. తరవాత ఉన్నట్టుండి బల్ల గుద్ది గట్టిగా అరిచారు. “ప్లంబరూ! నువ్వు నిన్న రాలేదు. నువ్వొట్టి చవటవి. ఇవాళ రాకపోతే నీ గొట్టాలన్నీ నీ మెళ్ళోనే వేయిస్తా!”

అంత నెమ్మదస్తుడి నోట ఆ కేక విని ఆపరేటరమ్మ ఉలిక్కిపడింది. కాగితాలు పోగుచేస్తూ చూసింది. బావమరిది తన సొంత తిట్లు రెండు కలిపాడు. పీఏ ‘చవట’ను ‘ఛవట’ అని రాశాడు. స్టెనోగారి అక్షరాలు ముత్యాలు. ఆమెకు కనిపించినవి అవే. మాస్టారు మాత్రం ఒక కాగితం దగ్గర చాలాసేపు ఆగిపోయారు. తప్పు దొరికినప్పుడు ఆయన మొహం వెలుగుతుంది. ఈసారి వెలగలేదు.

*

నాలుగున్నరకు అందరూ మంత్రి గదిలో చేరారు. మంత్రి కుర్చీలో వెనక్కి వాలి గడియారం చూస్తున్నాడు.

“తొందరగా తేల్చవయ్యా. వీడేనా దొంగ?”

“ఉత్తరం దొంగది కాదు సార్,” అన్నారు మాస్టారు. “ఆ మాటలు మీవే.”

“నేనెప్పుడూ ఎవరికీ అలా రాయించలేదు!”

“మీరు నిజంగానే అలా అనుకుంటున్నారు. అదే ఈ కేసులో విచిత్రం.” మాస్టారు పత్రిక ఎత్తి పట్టుకున్నారు. “ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దాను. ‘గారూ’ అన్న నోరు అదే వాక్యంలో ‘నువ్వొట్టి చవటవి’ అనదు. ఇందులో ఇద్దరు మనుషులున్నారు సార్. తిట్టింది ఒకరు, గారు చేర్చింది ఇంకొకరు. మిమ్మల్ని ఇరికించడానికి అబద్ధపు ఉత్తరం అల్లేవాడైతే గారు ఎందుకు పెడతాడు? ఇంకో నాలుగు తిట్లు పెడతాడు. ఇందాక నేను తిట్లు చెప్పి రాయిస్తే మీ బావమరిది అదే చేశారు.”

బావమరిది భుజాలు తడుముకున్నాడు.

“పీఏ నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు, అక్షరదోషంతో సహా. పత్రికలో అచ్చయిన కాగితంలో ఒక్క దోషం లేదు. మూడో కాగితంలో ‘ప్లంబరు గారూ, నువ్వు నిన్న రాలేదు, నువ్వొట్టి చవటవి’ అని ఉంది. ఆ గారు నేననలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు అంది.”

పీఏ మెల్లగా స్టెనోగారి వైపు తల తిప్పాడు. “పెద్దమ్మా?” అన్నాడు.

“ఆ ప్రింటరు నాలుగేళ్ళుగా ఒక్కసారీ పాడవలేదు,” అన్నారు మాస్టారు. ఆయన గొంతు తగ్గింది. “మీరు కోపంలో చెప్పినప్పుడల్లా ప్రింటరు చెడిపోయిందని ఆవిడ మర్నాటి దాకా ఆపేవారు. ఈలోగా తిట్లు తీసేసి మర్యాద పెట్టి టైపు చేసేవారు. పొద్దున్న చల్లబడి మీరు సంతకం పెట్టేవారు. మీరు మంచివారని ఊరు నమ్మింది, మీరూ నమ్మారు.”

స్టెనోగారు సంచిలోంచి పాత షార్ట్‌హ్యాండు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

“అంతా ఇందులో ఉంది. పాము చావకుండా, కర్ర విరక్కుండా నెట్టుకొస్తున్నాననుకున్నాను. ఎవరి మనసూ నొప్పించకుండా చూస్తున్నానని గర్వం కూడా ఉండేది. కంగారు పడవద్దు అన్నది మీ మాట కాదు సార్, నా మాట. అది నమ్మి ఆ ఇంజినీరు కూర్చున్నాడు. పదకొండు మంది సార్! మీ తిట్లు ఆపి వాళ్ళని నేను చంపాను. అందుకే మీరన్నది అన్నట్టు ఒక్కసారి టైపు చేసి పత్రికకి పంపాను. ఆ గారు ఎప్పుడు పడిందో నాకే తెలీదు.” ఆమె పీఏ వైపు తిరిగింది. “నిన్ను పట్టుకుంటారనుకోలేదు నాన్నా. చెబుదామని మూడ్రోజులుగా ఈ గుమ్మం దాకా వస్తున్నాను, భయపడి వెనక్కి పోతున్నాను. నా పిరికితనానికి నువ్వు బలయ్యావు.”

మంత్రి మొహం కందగడ్డయింది. లేచి కుర్చీని వెనక్కి తన్నాడు. “నమ్మకద్రోహం! రాసుకో! ఇప్పుడే రాసుకో! ఈ ముసల్దాన్ని, ఆ ఇంజినీరుని, ఈ డిటెక్టివుగాణ్ణి...”

స్టెనోగారి చెయ్యి దానంతటదే పెన్సిలు అందుకుంది. కొత్త పేజీ తిప్పింది. తలెత్తి ఆయనను సూటిగా చూసింది.

“చెప్పండి సార్. ఇవాళ ప్రింటరు బాగానే ఉంది. అన్నది అన్నట్టే ఇస్తాను.”

మంత్రి ఆ పెన్సిలు మొన వైపే చూశాడు. తరవాత, తన్నిన కుర్చీని తనే లాక్కుని కూర్చున్నాడు.

“ఎన్నిసార్లు చెడిపోయింది ఆ ప్రింటరు?” అని నెమ్మదిగా అడిగాడు.

“లెక్కపెట్టలేదు సార్,” అంది స్టెనోగారు.

*

ఎల్లుండి జరగాల్సిన ప్రమాణం జరగలేదు. కానీ అది తరవాతి సంగతి. ఆ సాయంత్రం ఐదు దాటాక మాస్టారు, ఆపరేటరమ్మ, పీఏ మెట్లు దిగి రోడ్డు మీదకు వచ్చారు. స్టెనోగారు తన పుస్తకం పట్టుకుని వంతెన విచారణ జరిపే ఆఫీసుకు వెళ్ళింది. తోడు వస్తానని పీఏ అంటే వద్దంది.

“మీ రుణం తీర్చుకోలేనమ్మా,” అన్నాడు పీఏ ఆపరేటరమ్మతో. “ఆ ఫొటో చూశాక కూడా మీరు నన్ను దొంగలా చూడలేదు.”

చెంప మీద కొట్టినా ఆమెకు అంత నొప్పి పుట్టేది కాదు. అబద్ధంతో ఒకరికి కీడు చెయ్యడానికి స్టెనోగారికి ఇరవై రెండేళ్ళు పట్టింది, నాకు ఒక్క వేలు కదిపితే సరిపోయింది అనుకుంది. రోడ్డు పక్కన ఆగి ఫోను తీసింది. ఆ నలభై రెండు మందికీ రాయడం మొదలుపెట్టింది. ‘పొద్దున్న ఒక చిన్న పొరపాటు జరిగింది...’

భుజం మీదుగా మాస్టారి గొంతు వినిపించింది. “ఎవరి వల్ల జరిగింది? వాక్యంలో కర్త లేదమ్మా.”

ఆయనకు ఎప్పుడు తెలిసిందో! బహుశా పెన్సిలు చెక్కినప్పుడే. ఆమె రాసింది చెరిపేసింది. మళ్ళీ రాసింది. ‘పొద్దున్న నేను అబద్ధం పంపాను. ఆ పీఏ గారు ఏ తప్పూ చెయ్యలేదు. నేను చేశాను.’ పంపాక, ఫోను పీఏ చేతిలో పెట్టింది.

అతను రెండుసార్లు చదివాడు. మొహంలో రంగు మారింది. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

“మా అమ్మ ఇంకా ఫోన్ ఎత్తలేదండీ,” అన్నాడు చివరికి.

“నంబరు చెప్పు బాబూ,” అని ఆపరేటరమ్మ ఫోను వెనక్కి తీసుకుంది.

ఇరవయ్యేళ్ళు ఊరందరికీ ఫోన్లు కలిపింది. ఈ నంబరును మాత్రం ఒక్కో అంకె పైకి చదువుకుంటూ నొక్కింది. కొత్త నంబరు కావడం వల్ల కాబోలు, నాలుగోసారి మోగగానే అవతలావిడ ఎత్తింది.

“ఎవరండీ?”

“అమ్మా,” అంది ఆపరేటరమ్మ. “మీ అబ్బాయి ఫొటో ఊరంతా పంపినవాళ్ళలో నేనొకదాన్నండీ.”